ఒకే పేరున్న రెండు జబ్బులు

విజయనగరంలో సైకిళ్ళ షాపు నడిపే పైడిరాజుకి, తన ఒంటికి పడినదే లోకంలో అందరికీ పడుతుందని నమ్మే అలవాటు ఉండేది. మిరియాల చారుతో తనకి జలుబు తగ్గిందంటే, వీధిలో ఎవరు తుమ్మినా మిరియాల చారే తాగమనేవాడు. మనిషి మాత్రం మంచివాడు. ఎవరికైనా బాగులేదని తెలిస్తే షాపు మూసి మరీ వెళ్ళి చూసొచ్చేవాడు. అందుకే అతని మాట ఎవరూ తీసిపారేసేవారు కాదు.

ఒకసారి అతనికి భరించలేని కడుపునొప్పి వస్తే, ఆపరేషను చేసి అపెండిక్సు తీసేశారు. తీసిన ముక్కను పరీక్షకి పంపితే దాని కొసన చిన్న గడ్డ ఉందని తేలింది. దాన్ని న్యూరోఎండోక్రైన్ ట్యూమరు అంటారట. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డ. పైడిరాజు హడలిపోయాడు.

"కంగారు పడకండి. మీది చాలా చిన్నది. అపెండిక్సుతో పాటే పూర్తిగా వచ్చేసింది. ఇక మందులేవీ అక్కర్లేదు" అన్నాడు డాక్టరు.

కొద్దిరోజుల్లోనే పైడిరాజు షాపులో కూర్చుని మళ్ళీ పంక్చర్లు వేయసాగాడు.

కొన్నాళ్ళకి నెల్లిమర్లలో ఉండే అతని చెల్లెలు నరసమ్మకి జబ్బు చేసింది. ఆమె బళ్ళో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండేది. ఉన్నట్టుండి ముఖం వేడెక్కి కందిపోయేది. విరేచనాలు ఒక పట్టాన ఆగేవి కావు. పొయ్యి సెగ వల్లేమో అనుకుని చాలాకాలం ఊరుకుంది. చివరికి విశాఖలో పరీక్షలు చేయించుకుంటే, ఆమెకీ న్యూరోఎండోక్రైన్ ట్యూమరే అన్నారు. నెలనెలా ఒక ఇంజెక్షను తప్పనిసరి అని చెప్పారు. అది మొదలుపెట్టాక ఆమె తేరుకుని మళ్ళీ వంటకి వెళ్ళసాగింది.

ఒక ఆదివారం పైడిరాజు చెల్లెల్ని చూడడానికి వచ్చాడు.

"ఎన్నాళ్ళన్నయ్యా ఈ సూదులు? వేయించుకున్నాక రెండు రోజులు సరిగ్గా కూర్చోలేను" అంది నరసమ్మ.

"అసలు నీకెందుకే అవి? నాదీ అదే జబ్బు. నేను ఒక్క మాత్రైనా మింగానా? మానెయ్."

"విశాఖ డాక్టరమ్మ మానొద్దంది."

"వాళ్ళలాగే అంటారు. నన్ను చూడు, నాకేమైనా అయిందా?"

నరసమ్మ అన్నయ్యని చూసింది. దుక్కలా ఉన్నాడు. ఆ నెల ఆమె ఇంజెక్షనుకి విశాఖ వెళ్ళలేదు. పై నెలా వెళ్ళలేదు.

ముఖం కందడం మళ్ళీ మొదలైంది. ఎండ ఎక్కువగా ఉందని అందరికీ సర్దిచెప్పింది. విరేచనాల సంగతి భర్త సింహాచలానికి కూడా చెప్పలేదు. ఒకరోజు బళ్ళో గంజి వారుస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది. గంజి పక్కకి ఒలికింది కాబట్టి ఒళ్ళు కాలలేదు. సింహాచలం ఆమెని ఆంబులెన్సులో విశాఖ తీసుకెళ్ళాడు. కబురు విని పైడిరాజు పరుగున వెళ్ళాడు.

"ఇంజెక్షను ఎవరు మానమన్నారు?" అని డాక్టరమ్మ అడిగింది.

పైడిరాజు తలొంచుకుని ఉన్నదంతా చెప్పాడు.

ఆమె అతన్ని కూర్చోమంది. "పైడిరాజు గారూ, ఈ గడ్డలు పుట్టే కణాలు ఒంట్లో చాలాచోట్ల ఉంటాయి. ఊపిరితిత్తుల్లో, కడుపులో, పేగుల్లో, క్లోమంలో. కొన్ని గడ్డలు ఏళ్ళతరబడి నెమ్మదిగా పెరుగుతాయి. కొన్ని త్వరగా ముదురుతాయి. కొన్ని హార్మోన్లు వదులుతాయి, కొన్ని వదలవు. మీది అపెండిక్సులో పుట్టి, ఎక్కడికీ పాకకముందే దానితో పాటు పోయింది. మీ చెల్లెలిది చిన్నపేగులో పుట్టి కాలేయానికి పాకింది. అది వదిలే హార్మోను వల్లే ఆమెకి ఈ బాధలు. ఆ ఇంజెక్షను దాన్ని అదుపులో పెడుతుంది. ఆమె బాగుందంటే అది మందు పని చేస్తున్నట్టు. జబ్బు పోయినట్టు కాదు."

పైడిరాజు లేచి చెల్లెలి మంచం దగ్గరికి వెళ్ళాడు.

సెలైన్లు ఎక్కించారు, ఇంజెక్షను మళ్ళీ మొదలుపెట్టారు. నరసమ్మ కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. చిక్కిపోయిన ఆమెకి గిన్నె ఎత్తే ఓపిక కూడా లేకపోయింది.

"నా వల్లే ఇలా అయింది నరసా" అన్నాడు పైడిరాజు, కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు చెడు కోరి చెప్పలేదు. సులువైన మాట కదా అని నేనూ విన్నాను" అంది నరసమ్మ. "రా అన్నయ్యా, నా పక్కన కూర్చో. కబుర్లు చెప్పు. నాకది కావాలి. నా మందు సంగతి మాత్రం నా డాక్టరమ్మనే అడుగుతాను."

పైడిరాజు కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. సలహా ఒక్కటీ చెప్పలేదు.

పేరు ఒకటైనంత మాత్రాన జబ్బు ఒకటి కాదు. మన అనుభవం ఎదుటివారికి ధైర్యం ఇవ్వవచ్చు గానీ, వారి వైద్యాన్ని నిర్ణయించకూడదు.