ఖాళీ కంప్యూటర్ మీద బిల్డ్

సువర్చల రాసిన బిల్డ్ స్క్రిప్టు పద్నాలుగు నెలలు ఒక్కసారి కూడా ఆగలేదు. చివరికి తుపాను హెచ్చరిక వచ్చిన రోజున ఆగింది.

భీమిలిలో ఆమె పనిచేసే చిన్న సంస్థ, వేటకెళ్లిన పడవల్లోని పరికరాలకి వాతావరణ హెచ్చరికలు పంపుతుంది. ఆ ప్రోగ్రాములో ఏం మార్చినా, దాన్నంతా మళ్లీ కూర్చి, పరీక్షించి, నడిపే పని ఈ స్క్రిప్టుది. మనిషి మీట నొక్కితే చాలు.

ఆ రోజు వాతావరణ కేంద్రం నుంచి హెచ్చరిక వచ్చే తీరు కొంచెం మారింది; ప్రోగ్రాము దాన్ని చదవలేకపోయింది. సువర్చల సెలవులో ఉంది. తోటి ఉద్యోగి మోహిని ప్రోగ్రాములో ఒక్క లైను సరిచేసి మీట నొక్కింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ముందురోజే ఎవరో ఆఫీసు కంప్యూటర్‌కి కొత్త సిస్టమ్ వేశారు. స్క్రిప్టుకి కావలసినవేవీ పాతచోట లేవు. ఫోన్లో సువర్చల చెబుతుంటే మోహిని సరిచేసేసరికి మూడు గంటలు పట్టింది. అంతదాకా పడవలకి హెచ్చరిక వెళ్లలేదు.

పడవలన్నీ తిరిగొచ్చాయి. ఒక పడవలో ఒకాయన చెయ్యి విరిగింది.

ఆ ఆదివారం సువర్చల ఖాదర్ వలీ మాస్టారి ఇంటికి వెళ్లింది. పాలిటెక్నిక్‌లో ఆమెకి పాఠం చెప్పినాయన. రిటైరయ్యాక ముందుగదిలో పాత కంప్యూటర్లు పెట్టుకుని, వచ్చినవాళ్లకి నేర్పుతున్నారు.

"నా స్క్రిప్టులో తప్పు లేదు మాస్టారూ," అంది. "సిస్టమ్ మార్చేశారు. ఇకమీదట ఆ కంప్యూటర్ని ఎవరూ ముట్టుకోకుండా చేయమని అడుగుతాను."

మాస్టారు కిటికీ పక్కనున్న కంప్యూటర్ చూపించారు. "ఇందులో బిల్డ్ చేసి చూపించమ్మా."

అది ఖాళీది. స్క్రిప్టు అడుగడుగునా ఆగింది. లేనివాటిని ఒక్కొక్కటే తన చేత్తో ఎక్కించి, మధ్యాహ్నానికి పూర్తిచేసింది. మాస్టారు చూసి, తలూపి, కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేశారు.

"రేపు రా."

సువర్చల మర్నాడు సెలవు పెట్టి వచ్చింది. చేయాల్సినవన్నీ ఈసారి కాగితం మీద రాసుకుంది. గంటలో అయిపోయింది. మాస్టారు మళ్లీ చెరిపేశారు.

మూడోరోజు ఆయన సిస్టమే వేరేది వేసి ఉంచారు. కాగితం పనికిరాలేదు. ఆమెకి కోపం వచ్చింది.

"రోజూ మీరిలా మారుస్తుంటే ఎలా మాస్టారూ?"

"నేను ఊరుకుంటే మారడం ఆగుతుందా అమ్మా?"

ఆయనే మళ్లీ అడిగారు. "చెయ్యి విరిగినాయన పేరేమిటి?"

"తెలీదండి."

ఆయన కంప్యూటర్ కట్టేశారు.

సాయంత్రం సువర్చల జాలరిపేటకి వెళ్లి వాకబు చేసింది. చెయ్యి విరిగినాయన పేరు గరికిన ఎల్లాజీ. కట్టుతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆమె ఎక్కడినుంచి వచ్చిందో చెప్పినా అతనికి కోపం రాలేదు.

"పడవలో మీ పెట్టెలో ఏటీ రాలేదమ్మా," అన్నాడు. "వచ్చుంటే తిరిగొచ్చేసీవోళ్లం."



తర్వాత నాలుగు రోజులు మాస్టారింటికి వెళ్లలేదు. స్క్రిప్టుని మొదటినుంచీ తిరగరాసింది. ఇప్పుడా స్క్రిప్టు తనకి కావలసిన సాధనాలన్నీ, సరైన వెర్షన్లతో సహా, వెంట తెచ్చుకుంటుంది. ఏది ఎక్కడుందో ముందే అనుకోకుండా చూసుకుని అడుగేస్తుంది. ఏదైనా దొరక్కపోతే మధ్యలో కూలిపోకుండా, ఏది లేదో మొదటే ఒక్క లైనులో చెబుతుంది.

ఆదివారం మాస్టారు ఆమెని కంప్యూటర్ దగ్గర కూర్చోనివ్వలేదు. "నువ్వు వరండాలో ఉండమ్మా. ఫోన్ ఇక్కడ పెట్టు." లోపలికి కేకేసి, మీట నొక్కమని భార్యని పిలిచారు. జులేఖాగారు ఏనాడూ ఆ కంప్యూటర్లని ముట్టుకోలేదు.

సువర్చల వరండాలో కూర్చుంది. లోపల మాస్టారు ఏ సిస్టమ్ వేశారో, ఏం తీసేశారో తెలీదు. లేచి వెళ్లి చూడాలనిపించింది. రెండుసార్లు లేచింది, రెండుసార్లూ కూర్చుంది.

చివరికి జులేఖాగారు చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చారు.

"అయిందట తల్లీ. ఏదో పచ్చగా వచ్చింది. టీ పెట్టనా?"

సువర్చల తలూపింది. మాస్టారు బయటికి వచ్చి ఫోన్ తిరిగిచ్చారు గానీ మెచ్చుకోలేదు. ముగ్గురూ టీ తాగారు.

మర్నాడు ఆఫీసుకి వెళ్లగానే ఆమె బిల్డ్ కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేసింది. మోహిని కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏంటి సువర్చలా, నడుస్తున్నదాన్ని?"

"నువ్వు నొక్కు మీట."

మోహిని భయపడుతూ నొక్కింది. ఇరవై నిమిషాలకి పచ్చ అక్షరాలు వచ్చాయి.

"వచ్చే వారం నువ్వు చెరుపు," అంది సువర్చల. "ఏ రోజో నాకు చెప్పకు."