రూతు పాస్‌వర్డు

వేదాద్రి గారిని మా ఆఫీసులో అందరూ మాస్టారనే పిలుస్తారు. ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పిన పాపాన పోరు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారంటే, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి వినక తప్పదని అర్థం.

ఆ రోజు ఆయనకి దొరికింది మా టీములో కుర్రాడు ప్రణీత్. మేం రాసిన ప్రోగ్రాముల్ని కూర్చి, పరీక్షించి, బయటికి పంపే పనంతా ఒక సర్వరు తనంతట తానే చేస్తుంది. దానికి అదనంగా తగిలించిన ఒక చిన్న ప్రోగ్రాము, అదే ప్లగిన్, తనకిచ్చిన పాస్‌వర్డును ఉన్నదున్నట్టు సెట్టింగుల ఫైల్లో రాసి పెట్టేస్తోందని హెచ్చరిక వచ్చింది.

"తెరమీద పాస్‌వర్డు బదులు చుక్కలే కనిపిస్తున్నాయి మాస్టారూ. ఆ ఫైలు చూడగలిగేది మనవాళ్ళే. వచ్చే నెల దిద్దుకుంటే కొంపలేమన్నా మునుగుతాయా?" అన్నాడు.

కళ్ళజోడు బల్లమీదికొచ్చింది.

"నా పాత కంపెనీలో రూతు అని ఉండేది. నెమ్మదైన మనిషి. ఇలాంటి ప్లగినే పెడుతూ, ఎవరిదో ఒకరి పాస్‌వర్డు కావాలంటే, రెండ్రోజులకే కదా అని తనది ఇచ్చింది. ఆ రెండ్రోజులు మూడేళ్ళయ్యాయి. అక్కడ కొత్త పని మొదలెట్టాలంటే, పాతదాని సెట్టింగుల ఫైలు మొత్తానికి మొత్తం కాపీ కొట్టడం ఆచారం. ఆమె పాస్‌వర్డు అలా ఎన్ని చోట్లకి పాకిందో దేవుడికే తెలియాలి. మేం పనిచేసేది ఒక రక్తపరీక్షల ల్యాబుకి. ఒకనాడు అక్కడి రోగుల వివరాలు బయటికి పొక్కాయి. తీసిందెవరా అని చూస్తే, ఎవరెప్పుడు లోపలికొచ్చారో రాసుకునే రికార్డులో రూతు పేరుంది."

ప్రణీత్ ముఖంలో నవ్వు పోయింది. మాస్టారు ఆగలేదు.

"విచారణకి కూర్చుంది నేనే. పాస్‌వర్డు ఎవరికి చెప్పావమ్మా అంటే, 'ఒట్టు సార్, ఆ ప్లగిన్‌లో తప్ప ఎక్కడా పెట్టలేదు' అంది, ఏడుపు దిగమింగుకుంటూ. నేను నమ్మలేదయ్యా. ఆ ఫైలు ఓసారి తెరిచి చూద్దామన్న బుద్ధి కూడా పుట్టలేదు. సాయంత్రానికల్లా ఆమె చేత రాజీనామా రాయించాం. ఐదు నెలల తర్వాత వేరే పనిమీద ఆ ఫైలు తెరిచాను. పొల్లుపోకుండా ఉంది పాస్‌వర్డు. ఎవడైనా తీసుకోవచ్చు."

పక్క సీట్లో పని చేస్తున్నట్టు నటిస్తున్న నాకే మనసు చివుక్కుమంది. ఛీ, ఎంత పని చేశారు అనిపించింది.

"మరి ఆవిడకి చెప్పారా?" అన్నాడు ప్రణీత్ మెల్లగా.

"ఫోన్ చేశాను. అంతా విని, 'నాకు తెలిసిన సంగతి నాకే చెబుతున్నారేంటి సార్? మిగతావాళ్ళకి చెప్పారా?' అంది."

"చెప్పారా మాస్టారూ?"

ఆయన బల్లమీది కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు.

"అప్పటికి సగంమంది వేరే కంపెనీలకి మారిపోయారు నాయనా. రూతు దొంగ అన్న మాట వెంటబెట్టుకునే మారారు."