కదలని అంకె

చేతిలో లక్షా పది వేలున్నాయి. సొంతంగా బండ్ల రిపేరు చేసుకోవడానికి నెల్లూరు బైపాస్ పక్కన ఒక షెడ్డు చూసుకున్నాను. సాయంత్రంలోగా అడ్వాన్సు ఇవ్వకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామన్నారు. లెక్క ఎన్నిసార్లు వేసినా సరిపోతోంది, మనసే ఒక చోట నిలవడం లేదు. పొద్దున పెడదామనిపిస్తే టిఫిను అయ్యేసరికి వద్దనిపిస్తుంది. అదే, నాకు పని నేర్పిన మా గ్యారేజీ మస్తాన్ గారిని అడిగాను.

"ఇంత ఊగిసలాడేవాడు సొంతంగా షెడ్డు పెట్టొచ్చా గురువుగారూ?"

అడిగినదానికి నోటితో జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. చేతికి వోల్టు మీటరిచ్చి, ఎదురుగా ఉన్న పాత కారు చూపించారు. అది డ్రాయింగ్ టీచరుగారిది. ఈమధ్య పెట్రోలు విపరీతంగా తాగుతోంది, నల్లటి పొగ వదులుతోంది.

"ఆక్సిజన్ సెన్సర్ చూడు. పక్కన అదే మోడల్ బండి సర్వీసుకొచ్చింది, దాన్నీ చూడు."

ఆ సెన్సర్ పొగ గొట్టంలో ఉండి, పెట్రోలు ఎక్కువవుతోందో తక్కువవుతోందో ఇంజనుకు ఎప్పటికప్పుడు కబురు చెబుతుంది. రెండు బండ్లూ వేడెక్కాక కొలిచాను. టీచరుగారి బండిలో అంకె అర వోల్టుకు కాస్త కింద రాయిలా నిలబడింది. పక్క బండిలో ఒకటే గంతులు. సగటు తీస్తే మాత్రం రెండూ ఇంచుమించు ఒకటే.

"టీచరుగారిది బంగారం గురువుగారూ. పోయింది పక్క బండిదే," అంటూ పానా కూడా తీశాను.

"ఆగరా లెక్కల మాస్టరూ. నీ బంగారాన్ని ఒకసారి ఎక్సలేటర్ తొక్కి చూడు."

తొక్కాను. ఇంజను అరిచింది కానీ అంకె కదల్లేదు. వదిలేశాను, అయినా కదల్లేదు. పక్క బండిలో కాలు ఆనించగానే అంకె పైకి లేచింది, తీయగానే కింద పడింది, మళ్లీ తన ఊగుడు తాను మొదలుపెట్టింది.

"ఇది చచ్చి ఎన్నాళ్లయిందో," అన్నాను.

"మంచి నిబ్బరమైంది కదరా, ఉంచేద్దామా?"

టీచరుగారి బండికి కొత్త సెన్సర్ బిగించాం. వేడెక్కేసరికి దాని అంకె కూడా ఊగడం మొదలైంది. పొగలో నలుపు పోయింది, ఇంజను చప్పుడు మెత్తబడింది. మస్తాన్ గారు బానెట్ మీద చెయ్యి ఆనించి, ఆ చప్పుడు వింటూ టీ తాగారు.

"మరి నా షెడ్డు సంగతి..." అన్నాను.

ఆయన గోడ మేకుకు తగిలించి ఉన్న నా బైకు తాళం తీసి ఇటు విసిరారు.

"అంకె ఊగుతోందని ఇంజను ఆపేస్తామేంట్రా? పోయి రా, బైపాస్ వాళ్లు నీకోసం చూస్తుంటారు."