రాళ్లవలసకు పోయిన పైడయ్య

వేపగడ్డ దొరకు తన కోటకంటే కుస్తీలు నేర్పే తన తాలింఖానా మీదే మక్కువ ఎక్కువ. అందుకే సన్యాసమ్మ కొడుకు పైడయ్య పొరుగున ఉన్న రాళ్లవలస తాలింఖానాలో చేరాడని తెలియగానే ఆయనకు అన్నం సహించలేదు. నిన్నటిదాకా పైడయ్యను భుజాలకెత్తుకున్న ఊరు కూడా "వాడి పట్టు ఎప్పుడూ వదులే" అనడం మొదలుపెట్టింది.

దొర సన్యాసమ్మను పిలిపించాడు. "ఈ నేలమీద పుట్టినవాడు ఈ నేల తరఫునే కుస్తీ పట్టాలి. పున్నమిలోగా నీ కొడుకు తిరిగి రాకపోతే నీ ఇల్లు జప్తు చేయిస్తాను."

కుస్తీ పోటీల దగ్గర గుగ్గిళ్లు అమ్ముకుని కట్టుకున్న ఇల్లది. అయినా సన్యాసమ్మ దండం పెట్టి అడిగింది.

"చిత్తం దొరా. తమరు పుట్టింది రాళ్లవలసలోనే కదా? ఇక్కడికి దత్తత వచ్చారు."

"వస్తే?"

"తమరు ఇటు వచ్చేసినందుకు ఆ ఊరివాళ్లు తమరి కన్నతల్లి ఇల్లు లాక్కున్నారా అని."

కొలువులో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. దొర మీసం సవరించుకున్నాడు.

"నన్ను ఈ ఊరు కోరి తెచ్చుకుందే!"

"మావాణ్ణి ఆ ఊరూ కోరే తీసుకెళ్లింది దొరా."

దొర జప్తు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ ఏటి పోటీలో పైడయ్య వేపగడ్డ మల్లుణ్ణి ఎత్తి వెల్లకిలా పడేశాడు. ఊరంతా దొరవైపు చూసింది. ఆయన అప్పటికే లేచి నిలబడి తలపాగా ఊపుతున్నాడు.

"చూశారా, మన ఊరి కుర్రాడు!"