లచ్చుంనాయుడి ఇంట్లో వెచ్చని మిషను

పొగమెట్టలో తెలివి ఎక్కడుందని అడిగితే లచ్చుంనాయుడి ఇంట్లో ఉందని చెప్పాలి. ఊళ్ళోవాళ్ళు అలా అనరు. లచ్చుంనాయుడే అంటాడు. "మాకు ఓ మాట ఒక్కపాలి సెప్తే సాలు, రెండోపాలి సెప్పక్కర్నేదు" అని మీసం దువ్వుతాడు. భార్య పారమ్మ అవునంటుంది. కొడుకు గవరయ్య అంతకన్నా గట్టిగా అవునంటాడు. పాపం, ఆ కొండల్లో ఇంత తెలివి ఒక్కచోటే పోగుపడిపోయింది!

పొగమెట్టలో చలికాలం వస్తే పళ్ళు టకటకలాడతాయి. కోడలు రవణమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళి ఆడపిల్లని కంది. వియ్యపురాలు అసిరమ్మ తెగేసి కబురు పెట్టింది. "ఇల్లు వెచ్చగుంటేనే పిల్లని దింపుతాను. సల్లగుందా, గుమ్మంలోంచే ఎనక్కి తీసుకుపోతాను."

మనవరాలి కోసం లచ్చుంనాయుడు ఏకంగా మిషనే పెట్టించాడు. పెరట్లో లోతుగా గొట్టాలు దింపి, నేల లోపలి వెచ్చదనాన్ని ఇంట్లోకి తోడే మిషను అది. బిగించినవాడు వెళుతూ ఒక్క మాట చెప్పాడు. "దీని మీద చెయ్యి వేశారో, వారంటీ పోతుంది."

అంతే. ఆ ఇంట్లో ఇక ఎవరూ దాని మీద చెయ్యి వేయలేదు. పొద్దున్నే లచ్చుంనాయుడు దాని ముందు వెల్లకిలా పడుకునేవాడు. గవరయ్య ఆయన కాలు పట్టుకుని పైకెత్తేవాడు. "ఇంకాస్త ఎడమకి, కుడికి కాదు, నీ ఎడమకి" అని పారమ్మ దారి చెప్పేది. బొటనవేలితో స్విచ్చి నొక్కగానే ముగ్గురూ చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఒకరోజు మిషను గర్రుగర్రుమని ఆగిపోయింది. సరిగ్గా ఆ సాయంత్రమే పిల్లని తెస్తున్నారు! ఇంకేముంది, లచ్చుంనాయుడు కంపెనీకి ఫోను కొట్టాడు. "మా మనిషి వస్తున్నాడు. వచ్చి చూసేదాకా ఎక్కడివక్కడే ఉండాలి. ఏదైనా కదిలిందా, తప్పు మీదే అవుతుంది" అందొక గొంతు.

"ఎవరూ కదలొద్దు!" అని కేకేశాడు లచ్చుంనాయుడు.

అంతే. ఆయన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాడు. ఊడుస్తున్న పారమ్మ వంగినది వంగినట్టే ఉండిపోయింది. పళ్ళు తోముకుంటున్న గవరయ్య నోట్లో పందుంపుల్ల నోట్లోనే ఉండిపోయింది. గంజి పొంగి పొయ్యి ఆరింది. కుక్క వచ్చి ఎండుచేపలు తిన్నది. ముగ్గురూ దాన్ని కళ్ళతోనే తిట్టారు. కోడి మాత్రం ఇల్లంతా తిరిగింది. దానికి వారంటీ లేదు కదా.

మధ్యాహ్నానికి మెకానిక్ వచ్చాడు. "ఏమండీ! ఎవరండీ ఇంట్లో?" ఎవరూ పలకలేదు. పలికితే పెదవి కదులుతుంది మరి. అతను లోపలికొచ్చి, వంగి ఉన్న పారమ్మని చూసి హడలిపోయాడు.

"సూసీసినావా బాబూ?" అంది పారమ్మ వంగినట్టే ఉండి.

"చూశానమ్మా."

"అయితే కదలొచ్చు" అని ముగ్గురూ అమ్మయ్య అనుకుని చతికిలబడ్డారు.

మిషను దగ్గరికి వెళ్ళగానే మెకానిక్ మొహం మారింది. దాని నిండా పాదాల గుర్తులే. "దీన్ని తన్నారా? తంతే వారంటీ రాదు. కొత్త పార్టు ఇవ్వను."

లచ్చుంనాయుడు ఒక్క గెంతులో అడ్డొచ్చాడు. మనవరాలు గుమ్మందాకా వచ్చి వెనక్కి పోతుందే! "తన్నడమేటి బాబూ! చెయ్యేస్తే పోద్దన్నాడు మీవోడు. కాలెయ్యొద్దన్నాడా? ఒరే గవరయ్యా, కాలెత్తు!" అంటూ వెల్లకిలా పడుకుని బొటనవేలితో స్విచ్చి నొక్కి చూపించాడు.

మెకానిక్ నవ్వు ఆపుకుంటూ మూత విప్పాడు. నీళ్ళు తిప్పే చిన్న మోటారు లోపల, రంగు కింద పగులు కనబడింది. "తప్పు మాదేనండీ. ఇది పుట్టుకతోనే పగిలింది. కొత్తది వేస్తాను."

"ఓలమ్మ, పుట్టుకతోనే!" అని పారమ్మ కళ్ళొత్తుకుని, ఆ పాత మోటారుకి ఇంత పసుపు రాసింది.

కొత్తది బిగించి మెకానిక్ బండెక్కాడు. "చలికి ఇది దెబ్బతింటుంది. మిషనుకి చలి తగలనివ్వకండి. ఇంకోమాట, ఇల్లు వెచ్చబడితే అదే ఆగుతుంది, చల్లబడితే అదే తిరుగుతుంది..."

ఆ ఇంకోమాట ఎవరు విన్నారు? చలి అన్న మాట చెవిన పడగానే ముగ్గురూ దుప్పట్ల కోసం లోపలికి పరిగెత్తారు. మనవరాలికని పారమ్మ కుట్టిన మెత్తటి బొంత మొట్టమొదట మిషనుకి కప్పారు. దాని మీద రగ్గులు. దాని తలకి గవరయ్య మంకీ క్యాపు. అటొక కుంపటి, ఇటొక కుంపటి. ఇల్లంతా ఉడికిపోయింది.

సాయంత్రానికి రవణమ్మ, పిల్లనెత్తుకుని అసిరమ్మ దిగారు. తలుపు తీయగానే వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. "బాగుందన్నయ్యా!" అని అసిరమ్మ మురిసిపోయి లోపలికొచ్చింది. రవణమ్మ ఒక కాలు లోపల పెట్టింది.

సరిగ్గా అప్పుడే ఇల్లు చాలినంత వెచ్చబడిందని మిషను ఆగింది.

"మళ్ళీ పాడైపోనాది! ఎవరూ కదలొద్దు!" అని అరిచాడు లచ్చుంనాయుడు.

అంతే. హారతి పళ్ళెంతో పారమ్మ ఆగిపోయింది. సంచి అందుకోబోయిన గవరయ్య చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆ ఇంటికి తగ్గ కోడలు రవణమ్మ, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. తలుపు బార్లా తెరిచే ఉంది. పొగమంచు తీరిగ్గా లోపలికొచ్చి ఇల్లంతా పరుచుకుంది. అసిరమ్మ నలుగురినీ చూసి, వెనక్కి పోదామంటే గుమ్మంలో కూతురే అడ్డంగా ఉండేసరికి తల కొట్టుకుని, మిషను మీది బొంత లాగి పిల్లకి చుట్టి కుంపటి దగ్గర కూర్చుంది.

ఇల్లు చల్లబడింది. మిషను దానంతటదే తిరిగింది.

"సూసినారా! కదలకుండా ఉంటే సాలు, అదే బాగైపోద్ది!" అని లచ్చుంనాయుడు మీసం దువ్వాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో మిషను ఆగితే చాలు, తలుపులన్నీ తెరిచి నిలబడిపోతారు. ప్రతిసారీ బాగవుతుంది.

"పాపం, ఒదిన ఒక్కతే కదిలింది. తెలివి అందరికీ ఉండాలంటే ఎలగ?" అని ఆ పూట జాలిపడింది పారమ్మ. లచ్చుంనాయుడు మునివేళ్ళ మీద కుంపటి దగ్గరికి వెళ్ళి తొంగిచూశాడు. వెచ్చగా ఉండేసరికి మనవరాలు గాఢంగా నిద్రపోతోంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎవరూ సెప్పకుండానే ఎలా కదలకుండా ఉందో సూడండి! అచ్చం మా తెలివే!"