భరిణెలో పెట్టిన మాట

అనగనగా ఒక వాగు. ఆ వాగు ఒడ్డున చెలమపాడు అని ఒక ఊరు. రా చిట్టీ, దుప్పటి కప్పుకో, కాళ్ళు లోపలికి పెట్టుకో. ఇది కాస్త భయం వేసే కథ. భయం వేస్తే నా వేలు పట్టుకో, అంతేగాని మధ్యలో లేచి కూర్చోకు.

చెలమ అంటే ఏమిటంటావా? వాగు ఇసకలో చేత్తో గుంట తవ్వితే నీళ్ళు ఊరతాయి చూడు, అదే చెలమ. ఆ ఊళ్ళో బావి లేదు, కుళాయి లేదు. మోచెయ్యి లోతు తవ్వితే చాలు, తియ్యటి నీళ్ళు వచ్చేవి. ఊరు ఊరంతా ఆ ఇసకనే నమ్ముకుని బతికేది.

వాగుకి అవతలి గట్టున ఒక మేడ ఉండేది. అందులో గజపతయ్య అనే షావుకారు ఉండేవాడు. ఆయన గొంతు ఎలా ఉంటుందో ఊళ్ళో ఎవరూ వినలేదు. ఏం కావాలన్నా వేలితో చూపించేవాడు. పనివాళ్ళు తెచ్చి పెట్టేవాళ్ళు.

అప్పుడు ఊరికి సర్పంచి ఎన్నికలు వచ్చాయి. గజపతయ్య పోటీకి నిలబడ్డాడు. అందరిలా తిరిగి ఓట్లు అడగలేదు. మీటింగు పెట్టలేదు. ఒక సాయంత్రం, ఇళ్ళల్లో దీపాలు పెట్టే వేళ, ఒక పేరంటాలిని ఊళ్ళోకి పంపాడు.

ఆవిడ ఎవరో, ఎక్కడిదో ఎవరికీ తెలీదు. ఎర్ర చీర కట్టుకుంది. చేతిలో వెండి పళ్ళెం, పళ్ళెంలో కుంకుమ, కుంకుమ చుట్టూ చిన్న చిన్న వెండి భరిణెలు. ఆవిడ ఇసకలోంచి నడిచి వచ్చింది, కానీ ఇసక మీద అడుగు పడలేదు. కాళ్ళకి పట్టీలున్నాయి, చప్పుడు లేదు. ఎంతమందికి పెట్టినా పళ్ళెంలో కుంకుమ తరగలేదు.

ఆవిడ ప్రతి ఇంటి గుమ్మంలో నిలబడి ఇల్లాలికి బొట్టు పెట్టేది. బొట్టు పెట్టినవాళ్ళని కాదనకూడదని మనలో ఒక పట్టింపు ఉంది కదా. పిలిస్తే వెళ్ళాలి, ఇస్తే పుచ్చుకోవాలి. ఆ సంగతి గజపతయ్యకి బాగా తెలుసు.

ఆ తర్వాత ఒక భరిణె చేతిలో పెట్టి, "ఇది నీదేనమ్మా. బదులుగా మీ ఇంటి తరఫున ఒక్క మాట ఇవ్వు, చాలు," అనేది.

ఓటు వేస్తామని మాట ఇమ్మంటోంది కాబోలు అనుకున్నారు అందరూ. సరే, ఇచ్చామన్నారు. ఆవిడ దానికి జోడీ భరిణె ఒకటి తీసి, మూత తెరిచి, వాళ్ళ పెదాల దగ్గర పట్టుకుని, టక్కున మూసేది. లోపల ఏదో చిన్నగా కొట్టుకున్నట్టు వినిపించేది, గుప్పిట్లో పట్టుకున్న మిడతలాగా.

ఊరంతా తిరిగింది ఆవిడ. ఒక్క గుమ్మం మాత్రం దాటేసింది. అది నాంచారమ్మ ఇల్లు. నాంచారమ్మకి భర్త పోయి చాలా ఏళ్ళయింది, ఒక్కతే ఉంటుంది. అలాంటి వాళ్ళకి బొట్టు పెట్టరు, పేరంటానికి పిలవరు. ఆ పేరంటాలు కూడా అసలు అక్కడ ఇల్లే లేనట్టు వెళ్ళిపోయింది. తలుపు వెనక నిలబడి చూసింది నాంచారమ్మ. ఆమెకి అది అలవాటే. అయినా లోపలికి వెళ్ళి, ఊరికే నుదురు తడుముకుంది.

ఎన్నికల్లో గజపతయ్యే గెలిచాడు.

గెలిచాక ఊరందరికీ విందు పెట్టాడు. విస్తళ్ళు వేశారు. అన్నం వడ్డించారు, పప్పు వడ్డించారు, మళ్ళీ అన్నం వడ్డించారు. తినేవాళ్ళ పొట్టలు నిండిపోయాయి. వడ్డించేవాళ్ళు ఇంకా వేస్తూనే ఉన్నారు. ఒక్కరు కూడా ఆపమనలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే, తింటూనే ఉన్నారు. ఏదో మాట అనాలని ఉంది. నాలుక కొస దాకా వస్తోంది. అక్కడ ఖాళీగా ఉంది.

ఆ తర్వాత ఒక కూరగాయలవాడు వచ్చాడు. వాడి గంపలో అన్నీ పుచ్చు వంకాయలే. తీసుకోండమ్మా అన్నాడు. వాడు పిలిచిన ఇళ్ళవాళ్ళంతా తీసుకున్నారు. వాడికే భయం వేసి, గంప నెత్తిన పెట్టుకుని పరుగెత్తాడు.

ఏ మాట పోయిందో తెలిసిందా? అన్నం తిందువు రా అంటే, తల దువ్వుతాను రా అంటే, నువ్వు రోజుకి వందసార్లు నాతో అంటావు చూడు, అదే మాట. వద్దు. ఆ ఊళ్ళో ఎవరికీ ఆ మాట లేదు.

కూరగాయలవాడి తర్వాత గజపతయ్య లారీలు వచ్చాయి. వాగులో ఇసక ఎత్తుకుపోతామన్నాయి. ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది.

నాంచారమ్మ పక్కింట్లో సీతాలని ఒక ఇల్లాలు ఉండేది. ఆమె కడుపుతో ఉంది. నీళ్ళు లేకపోతే ఎలా అని ఏడ్చుకుంటూ మేడకి వెళ్ళింది. లారీలు ఆపించండి బాబూ అని గజపతయ్య కాళ్ళ మీద పడింది. గజపతయ్య మొదటిసారి నోరు తెరిచాడు. "వద్దు," అన్నాడు. చిట్టీ, ఆ గొంతు ఆయనది కాదు. అది సీతాలు గొంతు. అచ్చం ఆమె గొంతే, ఆమె పెళ్ళికాకముందు వాళ్ళమ్మతో గారాలు పోతూ అన్న గొంతు. సీతాలు పరుగున ఇంటికొచ్చి పడింది. మేడ గదిలో అరల నిండా భరిణెలున్నాయనీ, అన్నీ లోపల్లోపల కొట్టుకుంటున్నాయనీ నాంచారమ్మకి చెప్పింది.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. మోచెయ్యి లోతున ఉన్న నీళ్ళు నడుము లోతుకి పోయాయి. నడుము లోతు నుంచి నిచ్చెన లోతుకి పోయాయి. లారీలు తవ్విన గుంటలు నోళ్ళు తెరుచుకుని పడున్నాయి. గాలి వాటి మీదుగా వీస్తే ఊ, ఊ అని మూలిగినట్టుండేది. అన్ని చెలమలూ ఎండిపోయి చివరికి ఒక్కటే మిగిలింది. అది నాంచారమ్మ తవ్విన చెలమ. ఊరంతటికీ అదే దిక్కు.

గజపతయ్య బోలెడంత ఖర్చు పెట్టి ఊరందరికీ వెండి ఇచ్చాడు కదా, ఆయనకి నష్టం కాదా అంటావా? నాంచారమ్మ ఇల్లు కాక ఊళ్ళో నూట పది ఇళ్ళు. ఇంటికో భరిణె ఇచ్చాడు. ఇంటికి వంద లారీల ఇసక తోలుకున్నాడు. ఇప్పుడు నువ్వే హెచ్చవెయ్యి. అవును, పదకొండు వేలు. నిద్రమత్తులో కూడా బాగానే చెప్పావు.

ఒక పొద్దున లారీ ఆ చివరి చెలమ మీదికే వచ్చింది. జనం బిందెలు పట్టుకుని నిలబడిపోయారు. అప్పుడు నాంచారమ్మ లారీ ముందుకి వచ్చి, "వద్దు," అంది.

అంతే. ఊరంతా ఉలిక్కిపడింది. చిన్న పిల్లలైతే ఆ మాట పుట్టాక వినలేదు, అమ్మల కొంగు పట్టుకుని దాక్కున్నారు. ఆమెకి ఎవరూ ఎప్పుడూ ఏదీ ఇవ్వరు. అందుకని వద్దనే అవసరం ఆమెకి రాలేదు. ఆ మాట ఆమె దగ్గర అలాగే ఉండిపోయిందని ఆమెకే తెలీదు.

లారీవాడు బండి వెనక్కి తిప్పాడు. గజపతయ్య నుంచి కబురు వచ్చింది: మళ్ళీ ఎన్నికలు దగ్గరకొచ్చాయి, అవి కానివ్వండి, నేను గెలిచాక ఆ చెలమ సంగతి చూస్తాను.

అప్పుడు నాంచారమ్మ సర్పంచికి నిలబడతానంది. నామినేషన్‌కి డబ్బు కట్టాలి. ఆమె దగ్గర లేదు. ఊరివాళ్ళని ఇంటికి గుప్పెడు జొన్నలు ఇమ్మంది. ఇళ్ళవాళ్ళంతా తలో గుప్పెడూ తెచ్చారు. అవి అమ్మితే నామినేషన్‌కి సరిపోయింది, ఒక లాంతరుకి కూడా మిగిలింది. సీతాలు బావగారికి కొట్టుంది. ఆయన ఏకంగా బస్తా మోయించుకొచ్చాడు. నాంచారమ్మ ఆ బస్తాలోంచి గుప్పెడు తీసుకుని, "ఇంతకు మించితే నా నోరు నీదైపోతుందయ్యా," అని మిగతాది తిప్పి పంపింది. ఆయన కాసేపు మూతి ముడుచుకుని, మళ్ళీ మోయించుకుపోయాడు.

కానీ ఒక చిక్కుంది. ఎన్నికల ముందు ఆ పేరంటాలు మళ్ళీ వస్తుంది. మళ్ళీ బొట్టు పెడుతుంది. నోట్లో వద్దు లేనివాళ్ళు ఎలా కాదంటారు? నాంచారమ్మ ఎంత ఆలోచించినా తోచలేదు.

సీతాలు కూతురు గున్నమ్మకి అప్పటికి నాలుగేళ్ళు. ఒకరోజు సీతాలు దానికి గంజి పోస్తోంది. అది చాలనుకుంది. ఆ పిల్లకి వద్దు అనే మాటే రాదు కదా. రెండు అరచేతులూ గిన్నె మీద బోర్లించేసింది. సీతాలు చెయ్యి ఆగిపోయింది.

నాంచారమ్మ అది చూసింది. వాళ్ళు తీసుకెళ్ళింది మాటనే కదా అనుకుంది. చేతులు ఇక్కడే ఉన్నాయి. వెంటనే ఇంటింటికీ తిరిగి ఏం చెయ్యాలో చెప్పింది.

దీపాలు పెట్టే వేళ ఆవిడ వచ్చింది. అదే ఎర్ర చీర. ఈసారి పళ్ళెంలో భరిణెలు కాదు, బంగారు ముక్కుపుడకలు. మొదటి గుమ్మం సీతాలుది. ఆవిడ కుంకుమలో వేలు ముంచి చెయ్యి చాపింది. బొట్టు కాదంటే ఏమవుతుందో అని వాళ్ళమ్మ, అమ్మమ్మ చెప్పినవన్నీ సీతాలుకి గుర్తొచ్చాయి. కళ్ళు గట్టిగా మూసుకుని, అరచెయ్యి ఎత్తి, నుదుటికి అడ్డం పెట్టుకుంది.

ఆవిడ వేలు గాల్లో ఆగిపోయింది.

ఇంకో చేత్తో సీతాలు పాత భరిణెను గడప బయట బోర్లించింది. ఆవిడ రెండో గుమ్మానికి వెళ్ళింది. అక్కడా అరచెయ్యి, అక్కడా బోర్లించిన భరిణె. మూడో గుమ్మమూ అంతే. దాటిన ప్రతి గుమ్మానికీ ఆవిడ చేతిలో పళ్ళెం బరువెక్కింది. నడుము వంగింది. మొదటిసారి ఆవిడ పాదాలు ఇసకలో దిగబడ్డాయి. ఆ అడుగులు వెనక్కి తిరిగి ఉన్నాయి.

చివరికి ఆవిడ ఎప్పుడూ ఆగని గుమ్మంలో ఆగింది.

"నాంచారమ్మా, నీకు బొట్టు పెట్టి ఎన్నాళ్ళయింది?" అంది ఆవిడ, తేనె పోసినట్టు. "నేను పెడతాను. ఇక నిన్ను అందరూ పిలుస్తారు. ఒక్క మాట ఇవ్వు, చాలు."

నాంచారమ్మ ఆ కుంకుమ వంక చూసింది. నిజం చెబుతున్నా చిట్టీ, ఆమెకి కావాలనిపించింది. ఆ ఎరుపు నుదుటి మీద చల్లగా తగిలితే ఎలా ఉంటుందో ఆమె మర్చిపోలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తల కొంచెం ముందుకి కూడా వంగింది. అటు గుమ్మాల్లో ఆడవాళ్ళంతా నుదుటి మీద చేతులతోనే నిలబడి చూస్తున్నారు.

అప్పుడు ఆమె తలెత్తింది.

"వద్దు," అంది. "నాకు కావాలంటే నేనే పెట్టుకుంటాను."

పళ్ళెం జారి పడింది. ఎర్ర చీర నేల మీద కుప్పలా కూలింది. లోపల మనిషి లేదు. కుంకుమ అనుకున్నదంతా బూడిదరంగు ఇసకైపోయి గాలికి కొట్టుకుపోయింది.

అవతలి గట్టు మీద మేడలో టక్కు, టక్కు, టక్కు అని చప్పుళ్ళు. భరిణెల మూతలు ఊడుతున్నాయి. ఆ తర్వాత మసక చీకట్లో వాగు మీదుగా ఏవో ఎగిరి వచ్చాయి. పిచ్చుకలంత ఉన్నాయి, కానీ పిచ్చుకలు కావు. ఎవరి గొంతు వాళ్ళ ఇంటి తలుపు వెతుక్కుంది. కాసేపటికి ఊరంతా వద్దు వద్దు అని వినిపించింది. ముసలివాళ్ళు అన్నారు, మొగుళ్ళూ పెళ్ళాలూ ఒకరినొకరు చూసి అన్నారు, ఊరికే అని నవ్వుకున్నారు. గున్నమ్మ వినీ వినగానే నేర్చుకుంది. పడుకో అంటే వద్దంది.

ఎన్నికల్లో నాంచారమ్మ గెలిచింది. లారీలు మళ్ళీ రాలేదు. వానలకి వాగు కొట్టుకొచ్చిన ఇసక కొంచెం కొంచెంగా గుంటల్లో చేరింది.

గజపతయ్యా? ఆయన ఎవరినో పిలవాలని నోరు తెరిచాడట. అందులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన సొంత గొంతు ఎప్పుడో, ఎక్కడో, ఎవరి భరిణెలోనో పెట్టేసినట్టున్నాడు. ఆ మేడ ఇప్పటికీ అలాగే ఉంది. పక్కగా వెళ్ళేవాళ్ళకి లోపల ఎవరో అరలు తడుముకుంటున్న చప్పుడు వినిపిస్తుందంటారు.

ఇప్పుడు ఆ ఊళ్ళో ఓటు కోసం ఎవరూ గుమ్మం ఎక్కరు. నిలబడినవాళ్ళంతా ఒకే చోట, వాగు ఇసకలో, ఒకే లాంతరు వెలుగులో నిలబడతారు. జనమే వెళ్ళి అడగాల్సినవి అడుగుతారు. ఖర్చుకి ఇంటికి గుప్పెడు జొన్నలు, అవి నిలబడినవాళ్ళందరికీ సమానంగా. పేరంటమైతే ముందు నాంచారమ్మ గుమ్మంలోనే ఆగి, పెట్టమంటావా అత్తా అని అడుగుతారు. ఒక్కోసారి పెట్టమంటుంది. ఒక్కోసారి వద్దంటుంది.

ఎప్పుడైనా మన గుమ్మంలో ఎవరైనా పళ్ళెం పట్టుకుని ఒక్క మాట ఇమ్మంటే, చిట్టీ, నువ్వు ముందు వాళ్ళ అడుగులు చూడు.

దీపం ఆర్పేయనా? ఏమిటి, వద్దా? సరే. వద్దంటే వద్దే.

వాగు ఇసక వాగుకే,
నోటి మాట నోటికే,
కథేమో కంచికి,
మనమేమో మంచానికి.