రెక్కల గుర్రం ఊట

"గురువుగారూ, నా పద్యంలో లోపమేమిటి? గణం తప్పదు, మాట జారదు. విన్నవాళ్ళు బాగుందంటారు, లేచి వెళ్ళిపోతారు. ఒక్కరి కన్నూ చెమర్చదు."

పదేళ్ళు శిష్యరికం చేసిన థెర్సోన్ ఒకనాడు ఉండబట్టలేక ఇలా అడిగాడు. ఫెయిడోస్ గురువు అడిగినదానికి నోటితో జవాబు చెప్పే మనిషి కాడు. చేతికర్ర తీసుకుని, శిష్యుణ్ణి వెంటబెట్టుకుని హెలికాన్ కొండదారి పట్టాడు.

ఆ కొండమీద, వెనకటికి రెక్కల గుర్రం డెక్కతో తన్నిన చోట పుట్టిన ఊట ఒకటుంది. గుక్కెడు తాగితే కవిత్వం వస్తుందని గ్రీకుల నమ్మకం. నియమం మాత్రం గట్టిది. అక్కడ ఎవరూ ఒంటరిగా తాగరాదు. తోడొచ్చినవాడు అటు తిరిగి నిలబడాలి. తాగినవాడు మూతి తుడుచుకోకముందే నోటికొచ్చింది పైకి అనేయాలి. ఏమొస్తుందోనని థెర్సోన్ భయపడ్డాడు. ఊరుకున్నాడా, కవి కదా. దారిపొడుగునా ఉషస్సు మీద ఓ చక్కని పద్యం అల్లి, తడుముకోకుండా వచ్చేదాకా వల్లె వేసుకున్నాడు. ఇలాంటి తెలివి కవులకే పుడుతుంది లెండి.

గురువు అటు తిరిగాడు. థెర్సోన్ వంగి దోసిలి పట్టాడు. నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. ఆ చల్లదనం అతనికి కొత్త కాదు. చిన్నప్పుడు వరదొచ్చిన ఏట్లో నడుంలోతున నిలబడ్డప్పటిది. పద్యం మొదటి మాట కూడా గుర్తు రాలేదు. నోరు మూసుకోబోయాడు, చేతకాలేదు.

"ఏరు లాక్కుపోలేదు. తమ్ముడి చెయ్యి నేనే వదిలేశాను. వాడితో పాటు నేనూ పోతానని భయమేసింది."

ఇరవై ఏళ్ళుగా ఈ మాట అతను తనతో తాను కూడా అనుకోలేదు. ఇప్పుడు ఇంకో మనిషి చెవిన పడింది. పాక్కుంటూ వెళ్ళి గురువు కాళ్ళు పట్టుకున్నాడు.

"అమ్మ బతికే ఉంది గురువుగారూ. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ, నా పెద్దాడు కడదాకా తమ్ముడి చెయ్యి వదల్లేదని చెప్పుకుంటుంది. ఇది తెలిస్తే ఇక నా మొహం చూడదు. నాకు కవిత్వమూ వద్దు, ఏమీ వద్దు. మీరు వినలేదనండి, చాలు."

ఫెయిడోస్ ఇటు తిరిగాడు. వంగి, శిష్యుడి తడిమూతిని తన పైబట్టతో తుడిచాడు.

"పదేళ్ళుగా నీ పద్యాలు వింటున్నాను నాయనా. ఒక్కదానిలోనూ ఈ ఏరు లేదు."